తపస్సుమాను మీది నిమ్మకాయ

తొంభైల్లో కుప్పం దగ్గర మా ఊళ్లో ఏటా ఆడే భారతంలో నాది కృష్ణుడి వేషం, మా వీధివాడిది అర్జునుడి వేషం. వాడికి ఒక్క పద్యమూ నోటికి రాదు. తెర వెనక నుంచి నేనే అందించేవాణ్ణి. అయినా అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసే ఘట్టం నాడు, పాతిన అంతెత్తు మాను ఎక్కి నిమ్మకాయలు విసిరేది వాడే. ఆ కాయ ఒళ్లో పడితే కడుపు పండుతుందని పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో కింద కొంగు పట్టి, వాడికి మొక్కేవాళ్లు. నాకు కడుపు మండిపోయేది.

ఒక ఏడాది ఆ వరసలో నా భార్య కూడా నిలబడింది. నిమ్మకాయ నేరుగా ఆమె కొంగులోనే పడింది.

మరుసటి ఏడాది మాకు కూతురు పుట్టింది. పేరు పెట్టే రోజు నేను చేతులు చాచేలోపే మా అమ్మ అడ్డుపడి, పిలుపుకి వచ్చిన మా వీధివాణ్ణి చూపించింది.

"ముందు ఆయప్ప ఒళ్లో పెట్టండమ్మా. అర్జునుడిచ్చిన బిడ్డ!"

అచ్చం నా ముక్కుతో పుట్టిన పిల్ల, వాడి వేలు పట్టుకుని వదల్లేదు.