తాతయ్య వేయించిన లైట్లు

నా చిన్నప్పుడు మా తాతయ్య జముకుల కథ చెబుతుంటే వెనక వంత పాడేది నేనే. ఆయనకు ఉద్దానంలో చిన్న జీడితోట. తోట పని లేని రోజుల్లో సంతబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్లలో కథ చెప్పేవారు. ఆయన చేతిలో జముకు వాయిద్యం మోగిందంటే జనం చాపలు పట్టుకుని వచ్చేసేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు విశాఖపట్నం నడిబొడ్డున ఉన్న పెద్ద కళాక్షేత్రం నుంచి మాకు పిలుపొచ్చింది. టెక్కలిలో బస్సెక్కి వెళ్లాం. లోపలికి అడుగుపెడితే, మా ఊరంతా వచ్చి కూర్చున్నా ఇంకా మిగిలిపోయేటన్ని కుర్చీలు, మేడంత ఎత్తు తెర.

తెర లేచేసరికి హాల్లో దీపాలన్నీ ఆరిపోయి, వెలుగంతా మా మీదే పడింది. ఎదురుగా ఒక్క మనిషీ కనబడలేదు. చీకట్లోంచి ఎవరివో దగ్గులు మాత్రం వినబడ్డాయి. తాతయ్య మొదటి చరణం పాడి నాకోసం ఆగారు. నేను అందుకోలేదు. మళ్లీ అందించారు. ఈసారీ నాకు పాట రాలేదు.

కోప్పడతారనుకున్నాను. ఆయన జముకు కింద పెట్టి జనానికి దణ్ణం పెట్టారు.

"బాబూ, నాను పల్లెటూరి ముసిలోణ్ని. మొకాలు అగుపడకపోతే నాకు కత రాదు. ఈ సీకటి సూత్తే బయమేత్తంది. ఓపాలి లైట్లెయ్యండి."

హాలంతా ఆయన్ని చూసి నవ్వింది. లైట్లు వెలిగాయి. ముందు వరుసలో ఒక ముసలావిడ బోసినోటితో నన్నే చూసి నవ్వుతోంది, అచ్చం మా వీధిలో మనిషిలాగే. "అందుకో గుంటా" అన్నారు తాతయ్య మెల్లగా. అందుకున్నాను. కథ అయ్యేదాకా మళ్లీ ఆగలేదు.

తాతయ్య పోయిన చాలా రోజులకు నేను ఈ సంగతి ఎత్తితే మా నాయనమ్మ నవ్వింది.

"మీ తాతకి అప్పటికే రెండు కల్లకీ సుక్లాలే. రెండు బారల అవతల మనిసెవులో పోల్చుకోలేకపోయేవోడు. లైట్లేత్తే మాత్రం అతనికి మొకాలు అగుపడతాయేటి?"



తర్వాత టెక్కలిలో పంతులమ్మనయ్యాను. పాఠం అప్పజెప్పలేక బిక్కమొహంతో ఏ పిల్లయినా నిలబడిపోతే, "నాకే సరిగ్గా గుర్తు రావట్లేదమ్మా, ఇద్దరం కలిసి చదువుదాం" అనేదాన్ని. తక్కిన పిల్లలు నన్ను చూసి నవ్వేవారు. ఈలోగా ఆ పిల్ల ఊపిరి తీసుకునేది. ఉద్యోగం విరమించి ఇన్నేళ్లయినా, నలుగురిలో ఎవరైనా తడబడితే, తెలియనిదాన్ని నేనే అవుతాను.