అవ్వ దాచిన ఆస్తి, నేను రాయాల్సిన సాల్వెన్సీ

1963లో నేను ఆత్మకూరులో గిర్దావరుని, అంటే పట్వారీల లెక్కలు తనిఖీ చేసే రెవెన్యూ ఉద్యోగిని. దగ్గరి పల్లెలో రుక్మిణి అనే అమ్మాయి ఉండేది. తల్లిదండ్రులు లేరు, పెంచింది అవ్వ ఎల్లమ్మ. హైదరాబాదులో వ్యవసాయం డిగ్రీ చదివిన ఆ పిల్లకు జర్మనీలో పైచదువుకు సీటు వచ్చింది. ఖర్చు భరించే స్తోమత ఉందని సాల్వెన్సీ సర్టిఫికెట్ చూపిస్తేనే వీసా ఇస్తామన్నారు. తహసీల్దారు ఇచ్చే ఆస్తి ధ్రువపత్రమది. గడువు వారమే. అవ్వ పేరున ఉన్నది వానకు పండే చెలక, దాని విలువ చాలదు. పశువులు, ధాన్యం, వెండి కళ్లారా చూసి రాయాలి. ఎందుకో చెప్పకుండా, వస్తున్నానని మాత్రం ముందురోజే కబురు పంపాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

వెళ్లేసరికి కొట్టం ఖాళీ. పేడ మాత్రం పచ్చిగా ఉంది. గుమ్మిలో ఒక్క గింజ లేదు. అవ్వ చిరుగుల చీరతో ఎదురొచ్చింది.

"మా తాన ఏమున్నది సాబూ? ఎడ్లు గూడ లేవు. ఈయేడు శిస్తు జర మాఫ్ చెయ్యుండ్రి."

నాకు ఒళ్లు మండింది. "ఏం లేనోళ్లు పిల్లను జర్మనీకి ఎట్ల పంపుతరవ్వా? లేదనే రాసుకపోత మరి!"

లోపలి నుంచి రుక్మిణి ఏడుస్తూ ఉరికొచ్చింది. "అవ్వా, సారు గుంజుకపోను రాలే. మనకున్నదని రాయనీకి వచ్చిండు! లేదంటే నా చదువు పోతది."

"సర్కారోడు ఉన్నదని రాసి ఊకుంటడా బిడ్డా? లెవీ నాడు మన విత్తుల జొన్నలు గూడ ఊడ్సుకపోలే?"

నా కోపం చప్పున చల్లారింది. నిజాం కాలంలో సర్కారు ధాన్యం లాక్కున్న ఆ లెవీ రోజుల్లో, కొత్త గుమాస్తాగా ఇలాంటి ఇళ్లలో గుమ్ములు ఊడ్పించినవాణ్ని నేనూ. ఆ మాట అవ్వకు చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"గింతదాకా ఒక్కడు గూడ ఒప్పుకోలే," అంది అవ్వ. గడ్డపార తెచ్చి వాకిట్లో పాతర మీది బండను కదిలించబోయింది. నేనూ చెయ్యి వేశాను. లోపల నిండుగా జొన్నలు. సాయంత్రానికి పక్క ఊరి చుట్టాల ఇంటి నుంచి ఎడ్లు, బర్రెలు తిరిగొచ్చాయి. చివరికి అవ్వ అటక మీది మూటలోంచి వెండి కడియాలు తీసి నా ముందు పెట్టింది.

"గివి గూడ రాయి సాబూ. ఏదీ ఇడువకు!"

సర్టిఫికెట్ గడువులోపే వెళ్లింది. వీసా వచ్చింది, రుక్మిణి చదువుకు వెళ్లింది.

ఆ ఇంటికి నేను ఉపకారం చేశానని ఊళ్లో అన్నారు. అదేం కాదు. ఆ తర్వాత ఏ విచారణకు వెళ్లినా గడప బయటే నిలబడి, ఎందుకొచ్చానో ముందు చెప్పేవాణ్ని. అది నేర్పింది ఎల్లమ్మవ్వే. నా నౌకరీలో భయంతో పాతర చూపించినవాళ్లు ఎందరో ఉన్నారు. నన్ను నమ్మి చూపించింది ఆమె ఒక్కతే.