కళ్ళజోళ్ళాయన హీరో వేషం ఎవరు ఆపారు?

మా వీధి కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకు కుర్రతనంలో పెద్ద సినిమాలో హీరో వేషం వస్తే, పెళ్ళాం ఏడ్చి ఆపేసిందని ఊరంతా చెప్పుకుంటుంది. నాకు మాత్రం మొదటినుంచీ అనుమానమే. తూకంలో ఒక్క ఉల్లిపాయ తగ్గినా వీధి ఏకం చేసే ఇల్లాలు, "మగడి అదృష్టాన్ని కాలదన్నిన మహాతల్లి" అని అందరూ ఎత్తిపొడుస్తుంటే నోరు మెదపదేం?

నిన్న ఆవిడ తోడికోడలు కూడా నలుగురిలో ఆ మాటే అనేసరికి ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. నేను తిన్నగా దుకాణానికి వెళ్ళాను.

"నిజం చెప్పు నాయనా, ఆపింది ఆవిడేనా?"

ఆయన తుడుస్తున్న కళ్ళజోడు బల్లమీద పెట్టాడు.

"కాదు పిన్నీ. నేను వెళ్ళాను. కెమెరా ముందు నోరు పెగల్లేదు, పొమ్మన్నారు. అందరూ నన్ను చూసి నవ్వుతారని ఆ నింద తనే నెత్తినేసుకుంది. నేనూ ఊరుకున్నాను."