దయామణి గారి దుబాయి ప్రయాణం

కొత్త పాస్‌పోర్టుకు ఒక వాసన ఉంటుంది. జిగురూ సిరా కలిసిన వాసన. నిన్న మధ్యాహ్నం పామర్రు నుంచి వచ్చిన ఒక కొత్త జంట స్పీడు పోస్టు కవర్లు నా ముందే చింపి, రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టారు. వివరాలు సరిచూద్దామని తెరిచాను. ఆ వాసన తగిలాక ఇక పని సాగలేదు. థాయిలాండుకు ముందే అనుమతి తీసుకోవాలా, దిగాక చూసుకోవచ్చా అని వాళ్ళు అడుగుతున్నారు. నేను ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నాను. కొత్త పాస్‌పోర్టు ఎవరిదొచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని, "దీనికింకా ఏ ఊరి గాలీ తగల్లేదమ్మాయ్" అనే మనిషి ఆ కుర్చీలో లేరు. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఆ పిల్లలు కంగారుపడి, తమ కాగితాల్లో ఏదో తప్పుందనుకున్నారు.

ఆమె దయామణి గారు. గుడివాడ బస్టాండు పక్క సందులో, మేడ మీద ఉన్న ఈ చిన్న ఆఫీసు ఆమె పెట్టిందే. వారం పది రోజులు విదేశాలు చూసి రావాలనుకునే వాళ్ళకు టికెట్లు, వీసాలు, హోటళ్ళు చూసిపెట్టడం మా పని. నేను బందరు నుంచి పాసింజరు బండిలో రోజూ వచ్చి వెళ్ళేదాన్ని. మా నాన్న గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా వంశంలో తిరుపతి దాటి వెళ్ళినవాళ్ళే తక్కువ, విదేశం సంగతి చెప్పేదేముంది. చేరిన రోజు 'మేడమ్' అని పిలిస్తే దయామణి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "మేడమ్ ఏంటమ్మాయ్, స్కూలు ఇన్‌స్పెక్షన్‌కొచ్చినట్టు. పిన్నిగారూ అను, చాలు." అప్పటినుంచి చివరిదాకా ఆమె నాకు పిన్నిగారే.

ఏ దేశం గుమ్మం ఎలా తెరుచుకుంటుందో నాకు నేర్పింది ఆమే. కొన్ని దేశాలు వీసా అక్కర్లేదు, రమ్మంటాయి. కొన్ని దిగాక గుమ్మంలో నిలబెట్టి ముద్ర వేస్తాయి. కొన్ని ఇంట్లో కూర్చునే ఫోనులో అనుమతి అడగమంటాయి. ఇంకొన్ని మన బ్యాంకు పుస్తకం, ఉద్యోగం, ఇల్లూ పొలమూ అన్నీ చూశాక కూడా వద్దంటాయి. ఇవాళ్టి నిబంధన రేపుండదు కాబట్టి, గుర్తున్నదాన్నిబట్టి ఎవరికీ జవాబు చెప్పనిచ్చేవారు కాదు. "మొన్న చూశాను పిన్నిగారూ" అంటే, "మొన్న వండిన కూర ఇవాళ చుట్టాలకి పెడతావా? మళ్ళీ చూడు" అనేవారు. సామాన్ల విషయంలో మరీ పట్టుదల. దుబాయి వెళ్ళేవాళ్ళ మసాలా పొట్లాలు తానే విప్పించేవారు. మన వంటింట్లో గసగసాలు అక్కడ మత్తుమందు కింద లెక్క. కోడిగుడ్డు కూరలోకని గసగసాలు దాచుకున్న ఒక పెద్దావిడ చేత ఈ బల్ల మీదే పొట్లం కక్కించారు. ఆ పూట మా ఇద్దరికీ గసగసాల కూరే.

అన్నిటికన్నా విచిత్రం ఆమె పెట్టే రిహార్సలు. ప్రయాణానికి ముందు ఆదివారం సాయంత్రం వెళ్ళేవాళ్ళందరినీ పిలిచి, ఈ బల్లకు అవతల తాను కూర్చునేవారు. అదే విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే అధికారి బల్ల అన్నమాట. ఒక్కొక్కరూ నేల మీద సుద్దతో గీసిన గీత దగ్గర ఆగి, పిలిచాక రావాలి. నాగాయలంక నుంచి ఒక రొయ్యల చెరువుల రైతు వచ్చారు. ఊరంతా ఆయన్ని మావయ్య అంటుంది కాబట్టి మేమూ మావయ్యగారే అన్నాం. ఆయన గీత దగ్గర ఆగకుండా నేరుగా వచ్చేసి, "నమస్కారమండీ, అందరూ బాగున్నారా" అని బల్ల మీదికి వంగారు.

"ఎందుకొచ్చారు?" అన్నారు దయామణి గారు, మొహంలో నవ్వు లేకుండా.

"చూడ్డానికండీ. వీడు మా బావ, ఆయన మా అన్నయ్య, ఈమె మా చెల్లెలు."

"నిజంగా చుట్టాలా?"

"ఊరివాళ్ళండీ. పిలుపులు అంతే కదా."

"అక్కడ అంతే కాదు మావయ్యగారూ. అన్న అంటే ఒక తల్లి పిల్లలనుకుంటారు, కాగితాల్లో ఇంటిపేర్లు కలవక నిలబెట్టేస్తారు. మాతో వచ్చినవాళ్ళు అనండి, సరిపోద్ది. సరే, ఎప్పుడు వెళ్ళిపోతారు?"

మావయ్యగారి మొహం మాడిపోయింది. "అదేంటమ్మా. గుమ్మంలో కాలు పెట్టగానే ఎప్పుడు వెళ్తావని ఎవరన్నా అడుగుతారా? మా ఇంటికి శత్రువొచ్చినా అలా అడగను."

అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. "వాళ్ళు అడగాల్సిందే అదండీ. వచ్చినవాడు తిరిగి వెళ్తాడని నమ్మకం కుదిరితేనే లోపలికి రానిస్తారు. వెళ్ళే రోజు తడుముకోకుండా చెప్పండి" అన్నారు. అంతమందిని పంపే మనిషి తాను ఒక్క దేశమూ వెళ్ళలేదని అప్పటికే నాకు తెలుసు. అడిగితే, "వంట చేసేవాళ్ళకి ఆకలుండదు" అని దాటవేసేవారు.

కారణం నాగాయలంకలో తెలిసింది. ఆమె అత్తవారి ఊరు అది. నవంబరులో క్రైస్తవులు పోయినవాళ్ళను తలుచుకునే సమాధుల పండుగకు ఒక ఏడాది నన్నూ రమ్మన్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళు శ్మశానం వైపు తొంగి కూడా చూడరు. మా అమ్మ మొహం అదోలా పెట్టింది గానీ, దయామణి గారి మాట కాదనలేక ఊరుకుంది. అవనిగడ్డ మీదుగా బస్సులో వెళ్ళాం. సాయంత్రానికి సమాధుల తోట తిరనాళ్ళలా ఉంది. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, పిల్లలూ పెద్దలూ అక్కడే కూర్చుని మురమురాలు తింటూ కబుర్లాడుకుంటున్నారు. పోయినవాళ్ళ దగ్గర అంత చనువుగా కూర్చోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. దయామణి గారు అత్తమామల సమాధులు తుడిచి, పూలు పెట్టి, పక్కన ఖాళీ నేల మీద చతికిలబడ్డారు. ఆ ఖాళీ నేల మీద కూడా ఒక కొవ్వొత్తి గుచ్చి వెలిగించారు.

"ఇది ఎవరికి పిన్నిగారూ?"

"మా ఆయనకమ్మాయ్. ఆయన ఇక్కడ లేరుగా. దుబాయిలో ఉన్నారు."

పెళ్ళైన కొత్తలోనే ఆయన ఏసీ మెకానిక్కుగా దుబాయి వెళ్ళారట. ఒకరోజు పనిలో ఉండగా గుండె ఆగిపోయింది. శవాన్ని తెప్పించాలంటే కాగితాలకు ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమని కంపెనీవాళ్ళు ఫోనులో అన్నారు. మామగారూ, చర్చి పెద్దలూ కూర్చుని అక్కడే మట్టి చేసెయ్యమన్నారు. అక్కడి తెలుగు చర్చివాళ్ళు ప్రార్థన చేసి మట్టి చేసి, ఒక ఫోటో పంపారు. "నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పగలను, వెళ్ళొచ్చని నాకు తెలిస్తే కదా. చూసి రావడానికి కూడా వీసా ఇస్తారని చాలా రోజులకి తెలిసింది. తెలిశాక ఈ ఆఫీసు పెట్టాను. వెళ్ళొచ్చని తెలీక ఇంకెవరూ ఆగిపోకూడదని" అన్నారు.

"మరి మీరెందుకు వెళ్ళలేదండీ ఇన్నేళ్ళూ?"

కొవ్వొత్తికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టారు. "ఎన్నాళ్ళుంటావని అడుగుతారమ్మాయ్. నా మొగుడి దగ్గరికి వెళ్ళి, ఫలానా రోజున వదిలేసి వచ్చేస్తానని ఎలా చెప్పను?"

"నేను తోడొస్తాను పిన్నిగారూ" అన్నాను. ఆమె తిరుగు బస్సులో పామర్రు దాకా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు. మర్నాడు ఆఫీసు తెరవగానే తన పాస్‌పోర్టు నా ముందుకు తోశారు. "చూడు. రూలు ప్రకారం చూడు, నా మొహం చూసి కాదు."

రూలు ప్రకారం ఆమెకు వీసా రాదు. మన వైపు చాలామంది ఆడవాళ్ళలాగే ఆమె పాస్‌పోర్టులో కూడా ఒక్క పేరే ఉంది. ఇంటిపేరు గడి ఖాళీ. అలా ఒంటి పేరుతో ఉంటే చూడవచ్చేవాళ్ళకు వీసా ఇవ్వబోమని దుబాయివాళ్ళు అప్పటికి కొత్తగా పెట్టారు. ఎంతమందికో ఆ గడి నింపించిన మనిషి తన గడి దగ్గర ఆగిపోయారు. పుట్టింటి పేరు చింతా. స్కూలు సర్టిఫికెట్టులో ఉంది కాబట్టి అది పెట్టడం తేలిక. అత్తింటి పేరు పెట్టాలంటే పెళ్ళి కాగితం కావాలి, పెళ్ళి జరిగిన చర్చి తుఫానులో దెబ్బతిని పాత రికార్డులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. తేలికదే పెడదామని నేనన్నాను. "ఆలోచించి చెప్తాను" అన్నారు. కొన్ని వారాలు ఆ ఊసే ఎత్తలేదు. నేను గుర్తు చేస్తే ఫ్యాను తిరగడం లేదనో, టీ చల్లారిందనో విసుక్కునేవారు. తర్వాత తెలిసింది, ఆదివారాలు దివిసీమలో ముసలి పాస్టర్ల ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నారని. ఒక సోమవారం చినిగిన మూలలకు కాగితం అంటించిన పెళ్ళి పత్రం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"విశ్వనాథపల్లి అని రాయి."

"అంత పేరు గడుల్లో పట్టదేమో పిన్నిగారూ" అన్నాను నవ్వుతూ.

"కుదించి రాసేవు జాగ్రత్త. ఆయన్ని మట్టి చేసిన రోజు నేను లేను. ఇప్పుడన్నా ఆయన పేరుతో వెళ్తాను." ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. ఒక్కసారి ప్రవేశానికి పనికొచ్చే వీసా. ఒక బృందంతో కలిసి బయలుదేరాం. సమాధికి వెయ్యడానికని ఆమె గుడివాడ బజారులో సున్నం పొట్లం కొన్నారు. బయలుదేరే పూట తానే దాన్ని సంచిలోంచి తీసి ఇక్కడే ఆఫీసులో వదిలేశారు. "తెల్లపొడి పట్టుకెళ్తే ఆయన దగ్గరికి కాదు, జైలుకెళ్తాం" అన్నారు. అంత దిగుల్లోనూ వేళాకోళం మానలేదు.

దుబాయిలో దిగాక వరసలో ఆమె నా ముందున్నారు. గీత దగ్గర ఆగి, పిలిచాక వెళ్ళారు. అధికారి కుర్రవాడు. పుస్తకం తిప్పుతూ, తల ఎత్తకుండానే, టూరిజమేనా అని ఇంగ్లీషులో అడిగాడు. తల ఊపితే చాలు. ఊపమని ఎన్ని వందల మందికి చెప్పారో నాకు తెలుసు. ఆమె, "నో సార్" అన్నారు. గీత దాటి వెళ్ళడానికి లేదు, ఆమెను పిలవడానికి లేదు. ఆ కుర్రవాడు తలెత్తాడు. దయామణి గారు బల్ల అంచు పట్టుకుని, స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా, నా భర్త సమాధి ఇక్కడుంది, నేనెప్పుడూ చూడలేదు, చూడ్డానికొచ్చాను అని వచ్చిన ఇంగ్లీషులో చెప్పారు. అతను ఆమెనూ, పుస్తకంలో పేరునూ చూశాడు. పక్క బల్లవాడితో ఏదో మాట్లాడాడు. తర్వాత, ఎప్పుడు వెళ్తారని అడిగాడు. ఇన్నేళ్ళు ఆమె వెళ్ళకుండా ఆగిపోయింది ఆ ప్రశ్నకే. "సండే" అన్నారు. తడుముకోలేదు. అతను ముద్ర వేసి, లేచి నిలబడి పుస్తకం రెండు చేతులతో ఇచ్చాడు.

సమాధుల తోట ఊరికి దూరంగా, ఇసుకలో ఉంది. పూలు లేవు, కొబ్బరి చెట్టు లేదు. కాపలాదారు వరసలు వెతికి ఒక చిన్న సిమెంటు పలక చూపించాడు. దుమ్ము కింద ఆమె భర్త సామ్యేలు గారి పేరుంది. ఆమె తాగే నీళ్ళ సీసా వంచి పలక కడిగారు, కొంగుతో తుడిచారు. తర్వాత నాగాయలంకలో కూర్చున్నట్టే చతికిలబడి కబుర్లు మొదలుపెట్టారు. అత్తగారు ఎలా పోయిందీ, ఆయన తమ్ముడి పిల్లలు ఏం చదివిందీ, ఏటి గట్టు ఎంత కోసుకుపోయిందీ చెబుతూనే ఉన్నారు. నేను కొంచెం దూరంగా వెళ్ళి నిలబడ్డాను. ఎండ ఎక్కాక లేచి, చీర దులుపుకుని, పని మీద ఊరెళ్ళే భార్య వీధి గుమ్మంలో అన్నట్టు, "వెళ్ళొస్తానండీ" అన్నారు.

మా వైపు చావు ఇంటినుంచి గానీ శ్మశానం నుంచి గానీ వచ్చేటప్పుడు ఆ మాట అనకూడదు. చెప్పకుండా వచ్చెయ్యాలి. ఆమె చెప్పి వచ్చారు, తిరిగి వస్తానని మాటిచ్చి వచ్చారు. మళ్ళీ వెళ్దామని మరుసటి ఏడు టికెట్లు చూస్తుండగానే ఆమెకు జబ్బు బయటపడింది. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "ఆయన ఎదురు చూస్తుంటారమ్మాయ్" అన్నారు. అంతకుమించి ఏమీ అడగలేదు. నాగాయలంకలో, ఆమె కొవ్వొత్తి వెలిగించిన ఆ ఖాళీ నేలలోనే ఆమెను ఉంచారు.

ఆఫీసు ఇప్పుడు నేను చూస్తున్నాను. దుబాయికి ఏ బృందాన్ని తీసుకెళ్ళినా ఒక ఉదయం వాళ్ళను బజారులో వదిలి, ఆ ఇసుకలోకి వెళ్ళి పలక కడిగి వస్తాను. రాగానే వచ్చే ఆదివారం నాగాయలంక బస్సెక్కి ఆమె దగ్గర కూర్చుంటాను. "ఆయన్ని చూసొచ్చాను పిన్నిగారూ" అని చెబుతాను. లేచేటప్పుడు అక్కడా, ఇక్కడా కూడా వెళ్ళొస్తాననే అంటాను. మా అమ్మకు ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు.