ఎందుకైనా మంచిదని ఉంచిన ఇనుము

మొన్న మంగళగిరి దారిలో ఉన్న ట్రైనింగ్ సెంటర్ వాళ్లు నన్ను పరీక్షకి పిలిచారు. రాయడానికి కాదు, మార్కులు వేయడానికి. యాభై దాటాక మనిషికి ఇలాంటి మర్యాదలు జరుగుతుంటాయి. శాలువా కప్పలేదు గానీ చల్లటి మజ్జిగ ఇచ్చారు. కంప్యూటర్‌తో నడిచే మెషిన్ మీద ఇనుప కడ్డీని కోసి షాఫ్టు తీయడం పరీక్ష. ఒకమ్మాయి తెచ్చిన షాఫ్టు కొలిస్తే రెండు వెంట్రుకల మందం లావుంది. ఎందుకమ్మా అని అడిగితే, "ఎందుకైనా మంచిదని కొంచెం ఉంచానండీ" అంది. వాళ్ల నాన్నది చేత్తో నడిపే పాత లేత్ మెషిన్ల షాపట. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఆ మాట నేను మొదట విన్నది మా బావ నోట.

మా నాన్న పోయాక అక్క నన్ను తనతో బెజవాడ తెచ్చుకుంది. బావ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసేవాడు. చేపల చెరువుల్లో నీళ్లు చిలికే మెషిన్లకీ, రైస్ మిల్లులకీ షాఫ్టులు తీసేవాడు. పదో తరగతి అవగానే నన్ను పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు. రోజూ పొద్దున్నే లేత్ ముందు అగరుబత్తి వెలిగించి, అది పూర్తిగా కాలేదాకా స్విచ్ ముట్టుకునేవాడు కాదు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడూ కాదు. షాఫ్టుని బొటనవేలితో నిమిరి, కొలత చూడకముందే సైజు చెప్పేసేవాడు. ఆఖర్న ఎప్పుడూ కాస్త ఇనుము మిగిల్చి, ఆపి, కొలుచుకుని, ఇంకో కోతలో దాన్ని సుతారంగా తీసేసేవాడు. "ఎక్కువ కోసేశాక మళ్లీ అతికించలేం కదరా, ఎందుకైనా మంచిదని ఉంచుకోవాలి" అనేవాడు. చారులో ఉప్పు వేసేటప్పుడు అక్కకి కూడా ఈ జాగ్రత్త ఉంటే బాగుండునని మేమిద్దరం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఇరవై ఏళ్ల కిందట ఓనరు గారు లేత్‌లన్నీ తీసేసి ఒక కంప్యూటర్ మెషిన్ కొంటానన్నారు. దానికి మనిషి ఒక్కడు చాలు. ఇద్దరం ట్రైనింగ్‌కి వెళ్లాలని, పాసైనవాడికి మెషిన్ అప్పగిస్తానని, ఇద్దరూ పాసైతే పెద్దవాడు కాబట్టి బావకే ఇస్తానని చెప్పారు. నాకప్పటికి పెళ్లి కుదిరింది. ఉద్యోగం సంగతి తేలాకే ముహూర్తం పెట్టుకుందామని పిల్ల తరఫువాళ్లు కబురు చేశారు. బావకి నలభై అయిదేళ్లు. ఇంకో చోట ఎవరూ కొత్తగా పెట్టుకునే వయసు కాదు. మూడు నెలలు ఇద్దరం ఒకే బస్సులో బ్యారేజీ దాటి వెళ్లొచ్చాం. మీసాలు సరిగా రానివాళ్ల మధ్య కూర్చుని బావ ఒక్క వేలితో అంకెలు నొక్కేవాడు. ఆ మెషిన్ కోసేటప్పుడు తలుపు మూసుకుంటుంది. "తలుపెందుకురా దీనికి, ఇనుముకి సిగ్గా?" అనేవాడు. అయినా రెండో నెలకల్లా నాకన్నా బాగా నేర్చుకున్నాడు. అది నాకు తెలుసు.

పరీక్ష రోజు బావ జేబులో అగరుబత్తి తెచ్చుకున్నాడు. లోపల వెలిగించకూడదన్నారు. సరేనని కాంపౌండ్ గోడ దగ్గరకి వెళ్లి, మెషిన్లున్న వైపు తిరిగి, అది కాలేదాకా నిలబడ్డాడు. పరీక్ష పెట్టే సారు లోపల మాకు నియమం చెప్పింది అప్పుడే. మెషిన్ ఒక్కసారే నడపాలి, అది ఆగేసరికి ఏ సైజు వస్తే అదే లెక్క, రెండో కోత కుదరదు. బావ తిరిగొచ్చి, "సారు ఏం చెప్పార్రా?" అని అడిగాడు. "ఏం లేదు బావా, జాగ్రత్తగా చేయమన్నారు" అన్నాను. ముందు అనుకుని అన్న మాట కాదు. బావ వంతు రావడానికి ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటా పక్కనే కూర్చున్నాను, చెప్పలేదు. భయం లేదు, జాలి లేదు.

బావ అంకెలన్నీ తప్పు లేకుండా కొట్టాడు. అలవాటు ప్రకారం కాస్త ఇనుము ఉంచాడు. మెషిన్ ఆగాక కొలుచుకుని, తృప్తిగా తలాడించి, రెండో కోతకి బటన్ మీద వేలు పెట్టబోయాడు. సారు వచ్చి షాఫ్టు విప్పి తీసేసుకున్నారు.

"ఇంకా ఆఖరి కోత ఉందండీ" అన్నాడు బావ.

"ఒక్కసారేనని పొద్దున్నే చెప్పాను కదండీ."

"నేను బయటున్నానండీ" అన్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు. తర్వాత నా వంతు వచ్చింది, పాసయ్యాను. మధ్యాహ్నం అక్క కట్టిచ్చిన క్యారేజీ ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. గోంగూర పచ్చడి, పెరుగన్నం. రుచేమీ తెలియలేదు గానీ ఒక్క మెతుకు వదల్లేదు నేను.

మెషిన్ నాకొచ్చింది. నా పెళ్లి పనులన్నీ బావే భుజాన వేసుకుని చేశాడు. ఓనరు గారు ఆయన్ని పూర్తిగా మానిపించకుండా, నా మెషిన్ నుంచి వచ్చిన షాఫ్టుల అంచుల్ని ఆకురాయితో నునుపు చేసే పనిలో పెట్టారు. అంత పనివాడికి అది పనే కాదు. నేను తీసిన షాఫ్టు ఆయన చేతిలోకి వెళ్లేది, బొటనవేలితో నిమిరి "బాగా వచ్చిందిరా" అనేవాడు. ఏళ్ల తరబడి అదే మాట. ఒక్కసారీ ఆ రోజు ఊసెత్తలేదు. నాకు నిద్ర బాగానే పట్టేది. ఇప్పటికీ అన్నిటికన్నా సిగ్గనిపించేది అదే.

బావ కిందటేడు పోయాడు. నాకు ఏడుపు రాలేదు. పన్నెండో రోజు అయ్యాక అక్క ఆయన చొక్కాలు మడతపెడుతూ అంది: "ఆ పరీక్ష రోజు నువ్వూ ఆయనతో పాటే గోడ దగ్గరే ఉన్నావటగా. సారు చెప్పిన మాట ఇద్దరికీ వినపడలేదని ఆ రాత్రే చెప్పారు. నీకు అదృష్టం కలిసొచ్చిందనీ, ఎవరికొస్తే ఏముందనీ అనేవారురా మీ బావ."

నేను గోడ దగ్గర లేను. ఆ సంగతి బావకి తెలుసు. ఇంట్లో నా ముఖం చెల్లాలని ఆ రోజే నన్ను కూడా తన పక్కన నిలబెట్టుకుని అక్కకి చెప్పాడు. నేను మాత్రం "అవునక్కా" అన్నాను.

నిజం చెప్పడానికి నాకు ఆ పొద్దున అరగంట ఉండేది, ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఉన్నాయి. అరగంటలో చెప్పలేనివాడికి ఇరవై ఏళ్లిచ్చినా చాలవని, వినాల్సిన మనిషి పోయాక తెలిసింది.