నాయినమ్మ మార్చిన మూకుడు

ఆదివారం పొద్దున ఏడుంపావుకు మా నాయినమ్మ ఇనుప మూకుడును పొయ్యి మీది నుంచి దించి గొర్రెల దొడ్డిలోకి తీసుకుపోయింది. అప్పటి నుంచి దాంట్లో గొర్రెలకు ఉప్పు పెట్టారు.

ముందురోజు సూర్యాపేట దవాఖానలో డాక్టర్ చెప్పిన మాట విని చేసిన పని అది. నా చెల్లెకు తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. మూడు వారాలకోసారి ఎవరో ఇచ్చిన రక్తం ఎక్కించాలి. పసితనం నుంచీ అట్లాగే బతికింది. ఎక్కించిన ప్రతి సంచిలోనూ ఇనుము ఉంటుంది. పేరుకుపోయిన ఇనుమును బయటికి పంపుకునే దారి శరీరానికి లేదు.

మాది పెన్‌పహాడ్ పక్క ఊరు. గొర్రెలు సాకే ఇళ్లు. మా వాడలో ఎవరు గొర్రెను కోసినా దాని కార్జం, అంటే కాలేయం, బాలింత ఉన్న ఇంటికో, రక్తం తక్కువున్న పిల్ల ఇంటికో పంపుతారు. చెల్లె పుట్టినప్పటి నుంచి అది మా ఇంటికే వచ్చేది. నాయినమ్మ మిరియాలు వేసి వేయించి, పక్కన కూర్చుని తినిపించేది.

రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ ఇనుమును పట్టుకుని మోస్తుందని, ఫెరిటిన్ అనేది దాన్ని కణాల్లో నిల్వ ఉంచుతుందని నేను చదివాను. డాక్టర్ నాయినమ్మకు వేరేగా చెప్పాడు.

"మార్కెట్ యార్డు చూసినవా అమ్మా? హమాలీలు ఉన్నంతమందే ఉంటరు. వడ్ల బస్తాలు మాత్రం వస్తనే ఉంటె ఏమైతది?"

"గాడనే పడి ఉంటయి. వానకు మొలకలొస్తయి."

"గంతే. మోసేటోళ్ల చేతులు నిండినయి, గోదాము నిండింది. మిగిలిన ఇనుము పిల్ల గుండెల, కార్జంల పడుతున్నది. ఇగ కార్జం పెట్టకు. ఇనుము తీసే గోళీలు ఆపొద్దు."

"గొర్లకాపోళ్లను కార్జం తినొద్దన్నోన్ని నిన్నే చూసిన సారూ," అంది నాయినమ్మ. చెల్లె నవ్వింది. డాక్టరూ నవ్వాడు.

ఆమెకు అర్థమైందనుకున్నాం. ఆమెకు అర్థమైంది ఇనుము అన్న మాట ఒక్కటే. ఇనుము మూకుడులో ఉంటుంది, మాంసంలో ఎందుకుంటుంది? ఆ వారమే మిర్యాలగూడ నుంచి స్టీలు మూకుడు తెప్పించింది. కార్జం అందులో వండింది.

నేను కోదాడలో ఉద్యోగం చేస్తూ నెలకోసారి ఇంటికి వచ్చేదాన్ని. అమ్మా నాన్నా పొద్దున్నే మందతో పోయేవాళ్లు. నాయినమ్మ కార్జం ఇంకా పెడుతోందని చెల్లె ఎవరికీ చెప్పలేదు. తర్వాత అడిగితే, "వద్దంటే మొకం చిన్నగ చేసుకుంటది అక్కా. నాలుగు ముక్కలే గద," అంది.

ఇనుమును బయటికి పంపే గోళీలను నీళ్లలో కరిగించి తాగాలి. సుద్ద తాగినట్టు ఉంటుందనేది చెల్లె. కొన్ని రోజులు తాగింది, కొన్ని రోజులు పారబోసింది. ఇరవై ఏళ్లు నిండకముందే గుండె బలహీనపడింది. కాళ్లు వాచాయి. గడప దాటితే ఆయాసం. ఎండాకాలంలో చనిపోయింది.

దినాలు అయిన తెల్లారి నాయినమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది.

"నువ్వు సదువుకున్నదానివి. నిజం జెప్పు. నేను పెట్టినదానితోనేనా?"

"ఎక్కించిన రక్తంతోనే నాయినమ్మా. అది ఎక్కియ్యకపోతె ఇన్నేండ్లు బతికేటిదే గాదు."

"తిండితోని ఏం గాలేదా?"

లేదని చెప్పవచ్చు. తిండి వాటా చిన్నదని డాక్టర్ కూడా అన్నాడు.

"కొంచెం," అన్నాను.

"కొంచెమన్న అయింది గద," అంది.

రక్తం సంగతి నాన్న చెప్పాడు, అమ్మ చెప్పింది, నేను మళ్లీ చెప్పాను. ఆమె తల ఊపింది. వంట అమ్మ చేస్తోంది. నాయినమ్మ తన కంచం తానే తెచ్చుకుని గోడ పక్కన తింటుంది.

ఆమె ఇప్పుడు ఎవరికీ అన్నం పెట్టదు.