మాస్టారు నెట్టులో పెట్టిన నా మాట

నా రాత కోడి కెలికినట్టుంటుంది. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి. మా పక్కింటి మాస్టారు మొన్న మంగళవారం కాలం చేశారు. ఆ కబురు నాకు అవనిగడ్డ బస్సులో ఎవరో చెబితే తెలిసింది. గోడ అవతలే ఇల్లు. రెండేళ్లుగా మాకు మాటల్లేవు.

నేను మిలటరీ బ్యాండులో బ్యాగ్‌పైపు వాయించేవాణ్ణి. మా ఊళ్లో దాన్ని సంచి సన్నాయి అంటారు. యుద్ధం వస్తే బ్యాండువాళ్లు వాయిద్యాలు పెట్టెల్లో పెట్టేసి, దెబ్బలు తగిలినవాళ్లను స్ట్రెచర్ల మీద మోయాలి. బంగ్లాదేశ్ యుద్ధంలో నేనూ మోశాను.

రిటైరై వచ్చాక సాయంత్రాలు వాయిస్తుంటే ఊళ్లో అందరూ తలుపులేసుకునేవారు. మాస్టారొక్కరే కుర్చీ తెచ్చుకుని కూర్చునేవారు. "ఏమయ్యా మిలటరీ, ఇవాళ గేదె ఈనుతున్నట్టుందే" అనేవారు. అయినా లేచేవారు కాదు. నా పింఛను కాగితాలన్నీ ఆయనే రాసిపెట్టారు.

అరవై దాటాక ఆయన నెట్టు నేర్చుకున్నారు. అవనిగడ్డ నెట్ సెంటర్లో కూర్చుని వింతలన్నీ ఒక పేజీలో పెట్టేవారు. మూడు తలల తాటిచెట్టు, ముక్కుతో పిల్లనగ్రోవి ఊదే మనిషి. నా పాట కూడా టేపులో పట్టుకెళ్లి పెట్టారు. సంతోషించాను.

ఒక మధ్యాహ్నం, మా ఆవిడకి కూడా చెప్పని మాట ఆయనకి చెప్పాను. గుళ్లు పడుతుంటే స్ట్రెచర్ కింద పెట్టేసి పరిగెత్తాను. దాని మీద మనిషి నీళ్లడుగుతున్నాడు. తిరిగొచ్చేసరికి ప్రాణం లేదు. మాస్టారు చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

కొన్నాళ్లకి బ్యాంకులో, పింఛను వరుసలో ఉండగా గుమస్తా అడిగాడు. "స్ట్రెచర్ వదిలేసి వచ్చిన సంచి సన్నాయి ఆయన మీరేనాండీ? నెట్టులో చదివాను."

వరుసంతా నా వైపు తిరిగింది. నేరుగా మాస్టారింటికి వెళ్లాను.

"నీ పేరు రాయలేదు కదయ్యా" అన్నారు.

"దివిసీమలో సంచి సన్నాయి వాయించేది ఎంతమంది మాస్టారూ?"

అది ఆయనకి తట్టనే లేదు. పిల్లల పరీక్ష పేపర్లో ఒక్క అక్షరం తప్పు దాటనివ్వని మనిషి. పేజీలోంచి అది తీసేస్తానన్నారు. తీసేశారనుకున్నాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మంగళవారం పాడెకి నేనూ భుజం పట్టాను. దింపుడు కళ్లం దగ్గర దించమన్నారు. మిగతా ముగ్గురూ వంగారు. నా చేతులు వంగలేదు. "దించండి బాబాయ్, ఆచారం" అని ఎవరో అన్నాక దించాను. ఆయన చెవిలో అందరూ పిలిచారు. నేను పిలవలేదు.

మర్నాడు నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఆ పేజీలో నా మాట అలాగే ఉంది. తీసెయ్యమ్మా అంటే అక్కడి అమ్మాయి, "పాస్‌వర్డ్ మాస్టారికి తప్ప ఎవరికీ తెలీదండీ" అంది. చెవులకి గొట్టాలు తగిలించి నా పాట వినిపించింది. పాటకి ముందు ఆయన దగ్గు. దగ్గు ఆగగానే, "కానివ్వవయ్యా, వింటున్నాను."

నా మాట తీసేసి ఆ గొంతు మాత్రం ఉంచే దారి మీలో ఎవరికైనా తెలిస్తే త్వరగా జాబు రాయండి. రోజూ వెళ్తున్నాను. ఆ అమ్మాయి నన్ను చూడగానే అడక్కుండానే కుర్చీ లాగుతోంది. ఆయన గొంతు వరకూ విని, పాట మొదలవకముందే ఆపెయ్యమంటున్నాను.